వరంగల్‌లో ఒకటిన్నర రోజు ఉంటాం, పాత బజార్లు తిరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి గట్టు:
నమస్కారమండి. మాది రాజమండ్రి. మా అబ్బాయికి వరంగల్ ఎన్ఐటీలో సీటొచ్చిందండి, వచ్చే వారం వాణ్ణి హాస్టల్లో దింపడానికి నేనూ మావారూ వస్తున్నాం. దింపేసి వెంటనే రైలెక్కేయాలంటే మనసొప్పట్లేదు, నాలుగేళ్లు వాడుండే ఊరు కదా, ఇంకో ఒకటిన్నర రోజు ఉండి చూద్దామనుకున్నాం. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట గురించి అందరూ చెప్పారు, అవి ఎలాగూ చూస్తాం. నాకు కావాల్సింది బజార్లు. చిన్నప్పట్నుంచీ మా మెయిన్‌రోడ్డూ తాడితోట బట్టల కొట్లూ తిరిగి పెరిగినదాన్ని, ఏ ఊరెళ్లినా ఆ ఊరి పాత బజార్లో ఓ పూట నడవకపోతే ఆ ఊరెళ్లినట్టే ఉండదు నాకు. మాల్స్ వద్దండి, అవి మాకూ ఉన్నాయి. అక్కడే తయారయ్యే వస్తువు ఏదైనా కొని ఇంటికి తెచ్చుకోవాలని ఉంది. మ్యాప్‌లో చూస్తే వరంగల్, హన్మకొండ, కాజీపేట అని మూడు కనిపిస్తున్నాయి, రూము ఎక్కడ తీసుకోవాలో అర్థం కావట్లేదు. మావారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు, అది కూడా చూసి చెప్పండి.

హన్మకొండ పోరి:
అక్కా, ముందుగాల మీ బాబుకు కంగ్రాట్స్. మూడు ఊర్లని పరేషాన్ కాకుండ్రి, అన్నీ ఒకదాన్నొకటి అతుక్కునే ఉంటయి. ఎన్ఐటీ కాజీపేట దిక్కు ఉంటది కాబట్టి రూము హన్మకొండల తీస్కోండి, వేయిస్తంభాల గుడి గూడ ఆడనే. కానీ పాత బజార్లంటే మాత్రం వరంగలే పోవాలె. షేర్ ఆటోలు, సిటీ బస్సులు పొద్దంత తిరుగుతనే ఉంటయి. బస్సుల ఆడోళ్లకు ఫ్రీ అంటరు గని అది తెలంగాణ ఆధార్ ఉన్నోళ్లకే, మీరు టికెట్ తీస్కోవాలె, ముందే చెప్తున్న.

వరంగల్ చౌరస్తాల దిగుండ్రి. ఆడికెల్లి జేపీఎన్ రోడ్డు, బట్టల బజార్, పిన్నావారి వీధి, బీట్ బజార్ అన్నీ దగ్గర దగ్గరనే. జేపీఎన్ రోడ్డు మీద బట్టల షాపులు, బంగారం షాపులు, శ్రావణమాసం కాబట్టి మీరొచ్చేసరికి పెండ్లిళ్ల షాపింగ్‌తోని కాలు పెట్ట సందుండదు, మా అమ్మ అయితే గా రద్దీల్నే నాలుగు షాపులు తిరిగి మళ్ల మొదటి షాపుకే వచ్చి చీర కొంటది. బీట్ బజార్ అంటే కిరాణా హోల్‌సేల్, సంచులు, తోపుడు బండ్లు, హమాలీలు, ఆడ కొనేదేం లేకున్నా ఒక్కసారి నడవాలె, మీలాంటోళ్లకు మస్తు నచ్చుతది. మండిబజార్ దిక్కు పోతె అత్తరు, బిర్యానీ వాసనలే వేరు, రంజాన్ల అయితే రాత్రంత లైట్లే.

పొద్దుగాల పది, పదకొండు దాకా షాపులు సగమే తెరుస్తరు, కాబట్టి పొద్దున గుడి, కోట చూస్కొని సాయంత్రం బజార్ పెట్టుకోండి. బావగారిని నడిపియ్యకుండ్రి, ఆ గల్లీలల్ల కూర్చునే జాగ ఉండదు, ఏదన్న మంచి హోటల్ల చాయ్ తాగిపిచ్చి కూర్చోబెట్టి మీరు తిరిగిరండి. వాన పడితే రోడ్లు బురద బురద, పట్టు చీర కట్టుకొని రాకుండ్రి. సర్వపిండి, సకినాలు అమ్మే పిండివంటల దుకాణాల్ల సకినాలు తప్పక తీస్కోండి, అవి కొన్ని దినాలు ఆగుతయి గని సర్వపిండి అప్పటికప్పుడు వేడిగనే తినాలె.

కొత్తవాడ మగ్గం:
అమ్మా నమస్తే. ఇక్కడ తయారయ్యేది కావాలన్నరు కదా, అందుకే రాస్తున్న, జర పెద్దగైతది. మా ఇంట్ల తాత కాలం నుంచి మగ్గం ఉన్నది. వరంగల్ అంటె జంపఖానాలమ్మా, బయట డర్రీలంటరు, మాది కొత్తవాడ. వరంగల్ తివాచీలు 1851ల లండన్ ఎగ్జిబిషన్ల పెట్టిండ్రు, అంత పేరున్న ఊరు ఇది. మా జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు వచ్చింది, అంటె ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు. గుర్తింపు వచ్చినా మా వాడల మగ్గాల చప్పుడు మా చిన్నప్పటంత లేదు, నా దోస్తులు శానమంది వేరే పనులకు పోయిండ్రు. అందుకే ఎవరన్న బయటి ఊరోళ్లు వెతుక్కొని వస్తమంటె మాకు పాణం లేచొస్తది.

కొనేటప్పుడు ఎట్ల చూడాలె అంటె, జంపఖానాకు తివాచీ లెక్క పైన కుచ్చు ఉండదు, సాఫుగ పడుగు పేక నేతనే. నేతల వచ్చిన డిజైన్ అయితే తిరగేసి చూసినా అదే డిజైన్ కనపడాలె, రెండు దిక్కుల పరుచుకోవచ్చు. ప్రింటు వేసినవి గూడ ఉంటయి, అవి చెడ్డవి కావు, మా దగ్గర అద్దకం పని గూడ పాతదే, కానీ ప్రింటు వెనక దిక్కు పల్చగ కనపడుతది, ప్రింటు పీసుకు నేత డిజైన్ రేటు పెట్టకుండ్రి. చేతుల ఎత్తి చూస్తె బరువుండాలె, పంజాతోని, అంటె దువ్వెన లెక్కుండే పనిముట్టుతోని, పేకను గట్టిగ కొడితెనే ఆ బరువు, ఆ గట్టితనం వస్తది, వేలు పెట్టి నూకితె దారాలు పక్కకు జరిగితె అది వదులు నేత. తడి తెల్ల గుడ్డతోని ఎర్ర రంగు మీద ఒక మూలకు రుద్ది చూడుండ్రి, రంగు అంటుకుంటదా లేదా అని. కొన్ని దుకాణాల్ల పవర్‌లూమ్ సరుకు తెచ్చి చేనేతనే అని అమ్ముతరు, ఒకసారి మా చుట్టాలే అట్ల మోసపోయిండ్రు, కాబట్టి చేనేత మార్కు అడగుండ్రి.

మంచిది ఏందంటె కొత్తవాడకే వచ్చి చేనేత సహకార సంఘాల దగ్గర తీస్కోండి, మగ్గం నడుస్తుంటె కండ్లార చూడొచ్చు. చౌరస్తా నుంచి ఆటోల పోవచ్చు, సార్ మోకాళ్లకు తిప్పలుండదు. ఒక్కటే మాట అమ్మా, నేసే మనిషి దగ్గర గీచి గీచి బేరం చేయకుండ్రి. పెద్ద డిజైన్ పీసు ఒక్కటి దించాలంటె రోజులు పడతది.

మిర్చి రైతు బిడ్డ:
అక్కా, వరంగల్ వచ్చి మిర్చి తీస్కపోకుంటె ఎట్ల? చపాట మిర్చి అడగండి, పొట్టిగ లావుగ ఉంటది, టమాటా మిర్చి అని గూడ అంటరు. కారం తక్కువ, రంగు ఎర్రగ నిప్పు లెక్క. 2025ల దీనికి గూడ జీఐ వచ్చింది. పచ్చళ్లకు మీరు వాడే కారంల సగం ఇది కలిపితె రంగు చూడు ఎట్ల వస్తదో, మీ ఆవకాయకు మంచిగుంటది. ఎనుమాముల మార్కెట్‌కు మాత్రం ఇప్పుడు పోకండి, అది రైతులు సరుకు దించే హోల్‌సేల్ యార్డు, మిర్చి సీజన్ సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకనే. అప్పుడు వస్తె ఎర్రటి కుప్పలు చూసి కండ్లు తిరుగుతయి, తుమ్ములు గూడ ఆగవు. ఇప్పుడు బీట్ బజార్ల కిరాణంల ఎండు మిర్చి చూసి ఏరుకోండి, తొడిమెలు పచ్చిగ మెత్తగ ఉన్నయి మాత్రం వద్దు, బూజు పడతయి.

హన్మకొండ పోరి:
రోడ్డు మీదికెల్లి హైదరాబాద్ దిక్కు పోతె జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పని గూడ చూడొచ్చక్కా, కానీ మీది విజయవాడ రూటు రైలు కదా, మీ దారిల పడది. ఈసారికి ఇడ్సిపెట్టుండ్రి, మీ బాబు ఇక్కడనే ఉంటడు కదా, మళ్ల ఎట్లైన వస్తరు.

గోదావరి గట్టు:
అందరికీ చాలా థాంక్సండి, నిన్ననే ఇంటికొచ్చాం. మీరు చెప్పినట్టే సాయంత్రం చౌరస్తాలో దిగాం, మావారు టీ కొట్లో కూర్చుంటే నేను బట్టల బజారూ బీట్ బజారూ తిరిగాను, ఓ చోట దారి తప్పితే కూరలమ్మే ఆవిడ బండి వదిలేసి వచ్చి మరీ రోడ్డు దాకా దింపింది. చపాట రెండు కేజీలు తెచ్చాను. కొత్తవాడలో మగ్గం ముందు అరగంట కూర్చున్నామండి, ఆ పంజా దెబ్బ ఒక్కోటి గుండెల్లో పడ్డట్టుంది, మావారే ముందు లేచి ఇదే కావాలని ఎర్రా నలుపూ చారలున్న జంపఖానా చూపించారు, బేరం ఆడలేదు. ఇంకోటి చిన్నది కొని అబ్బాయి హాస్టల్ మంచం మీద వేసొచ్చాను, వాడు ముందు వద్దన్నాడు, రాత్రి ఫోన్ చేసి బావుందమ్మా అన్నాడు. తమ్ముడూ, దీన్ని ఎలా ఉతకాలో చెప్పు, ఇక్కడ మా నీళ్లకి రంగు పోతుందేమోనని భయంగా ఉంది.

కొత్తవాడ మగ్గం:
అమ్మా, శాన సంతోషం. మొదటిసారి చల్లటి నీళ్లల్ల జర ఉప్పేసి వేరేగ జాడియ్యండి, మిషన్ల వేయకుండ్రి, బ్రష్‌తోని గీకకుండ్రి. నీడకు ఆరేయండి. ఊకె ఉతికే పనే లేదు, వారానికోసారి దులిపి తిరగేసి పరుచుకుంటె చాలు.