జీజీ టాప్ షో: డస్టీ, ఫ్రాంక్ లేకుండా ఇప్పుడు వెళ్ళొచ్చా?

ఫ్రిస్కో_గుంటూరోడు
వచ్చే నెల మా దగ్గర టెక్సాస్ రాక్ బ్యాండ్ జీజీ టాప్ షో ఉంది. నాన్నగారు ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. డెబ్బై దాటాయి, కాలేజీ రోజుల నుంచి ఆయనకి పాత రాక్ అంటే ప్రాణం. వెనకాల లాన్ గడ్డి మీద కూర్చుంటే సరిపోతుందా, ముందు సీట్లు తీసుకోవాలా? సౌండ్ పెద్దాయన తట్టుకునేలా ఉంటుందా? బాస్ వాయించే డస్టీ హిల్ పోయాడు. 2025 మార్చిలో డ్రమ్మర్ ఫ్రాంక్ బియర్డ్ కూడా ఆరోగ్యం బాగాలేక టూర్ నుంచి తప్పుకున్నాడు. అంత డబ్బు పెట్టి వెళ్ళడం దండగా?

హ్యూస్టన్_పాతకాపు
దండగే. ముగ్గురూ ఉన్నప్పుడు చూసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా అంటున్నా. 1970 నుంచి 2021 దాకా ఒక్క మనిషి కూడా మారకుండా నడిచిన బ్యాండ్లు ఎన్నున్నాయి? గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్‌తో కలవకముందే డస్టీ, ఫ్రాంక్ డాలస్‌లో అమెరికన్ బ్లూస్ అనే బ్యాండ్‌లో వాయించారు. ఆ బాస్‌కీ ఆ డ్రమ్స్‌కీ ఉన్న పొత్తు జీజీ టాప్ కన్నా పాతది. అది పోయాక మిగిలేది బిల్లీ సోలో షో. పైగా 1975లో 'టష్' పాట పాడిన గొంతు డస్టీది. ఇంకొకరు పాడితే నాకు వినబుద్ధి కాదు.

షఫుల్_బీట్
పాతకాపు గారూ, డస్టీ మీద అంత అభిమానం ఉంటే ఆయన మాట కూడా వినాలి. తుంటి నొప్పితో టూర్ మధ్యలో ఇంటికి వెళ్ళినప్పుడు, తన చోట ఎల్‌వుడ్ ఫ్రాన్సిస్ వాయించాలని కోరింది ఆయనే. 2021 జులై 23న ఎల్‌వుడ్ స్టేజ్ ఎక్కాడు, 28న డస్టీ పోయాడు. ఎల్‌వుడ్ బయటివాడేం కాదు, ఏళ్ళ తరబడి వాళ్ళ గిటార్ టెక్, అంటే గిటార్లు సిద్ధం చేసి ఇచ్చే మనిషి. ఫ్రాంక్ చోటికి వచ్చిన జాన్ డగ్లస్ కూడా వాళ్ళ డ్రమ్ టెక్కే. 2002లో ఫ్రాంక్‌కి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు కూడా డ్రమ్స్ దగ్గర కూర్చున్నది ఆయనే.

నేను వీకెండ్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాను. వాళ్ళ 'లా గ్రాంజ్' పాట మొదట్లో స్నేర్ డ్రమ్ అంచు మీద పడే ఆ టిక్ టిక్ వినండి. అక్కడ స్పీడ్ పిసరంత పెరిగినా గిటార్ రిఫ్ మొత్తం చెడిపోతుంది. నేను చూసిన రోజు డగ్లస్ ఏమాత్రం తొందరపడలేదు, బీట్‌ని కొంచెం వెనక్కి లాగిపెట్టి కొట్టాడు. పక్కనున్న టెక్సాస్ తాతలందరూ లేచి నిలబడ్డారు.

లాన్_బాధితుడు
లాన్ అడిగారు కదా, దాని గురించి నేను చెప్తా. అస్సలు వద్దు. రీసేల్‌లో రెట్టింపు పెట్టి కొన్నాను. పార్కింగ్ లోంచి లోపలికి చేరేసరికే రెండు పాటలు అయిపోయాయి. లాన్ మీద నుంచి చూస్తే రెండు గడ్డాలు, రెండు టోపీలు తప్ప ఏమీ కనపడలేదు. స్క్రీన్ సగం సేపు ఆపేసి ఉంచారు. గంటన్నర కూడా కాకుండానే షో ముగించేశారు! ఫ్యామిలీతో వెళ్ళినవాడి కష్టం ఎవరికీ పట్టదు.

సన్న_తీగ
గంటన్నర లోపే అయినా ఆ గిటార్ టోన్ చాలు. పాతికేళ్ళుగా గిటార్లు సెటప్ చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, గిబ్బన్స్ వాడేది 7 గేజ్ తీగలు (గేజ్ అంటే తీగ మందం). దారం అంత సన్నం. బ్లూస్ గిటారిస్ట్ బీబీ కింగ్ చెప్పాక తేలిక తీగలకి మారానని ఆయనే ఇంటర్వ్యూల్లో అన్నాడు. పిక్ కొన, బొటనవేలి అంచు ఒకేసారి తీగకి తగిలినప్పుడు ఒక కీచు హార్మోనిక్ వస్తుంది చూడండి, దానికోసమైనా ముందు వరుసలో కూర్చోవాలి.

ఆస్టిన్_13
7 గేజ్‌తో బ్లూసా? మా టెక్సాస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ 13 గేజ్ వేసి, అర స్వరం దించి వాయించేవాడు. అదీ టెక్సాస్ టోన్. వేళ్ళు తెగితేనే ఆ శబ్దం వస్తుంది. సన్న తీగలు చేతకానివాళ్ళకి.

సన్న_తీగ
గిబ్బన్స్ చేతకానివాడా? మాట జాగ్రత్త బ్రదర్. ఆయన తన పాత బ్యాండ్ మూవింగ్ సైడ్‌వాక్స్ రోజుల్లోనే హెండ్రిక్స్ షోలకి ముందు వాయించాడు. టోన్ వేలిలో, ఆంప్‌లో ఉంటుంది. రికార్డుల మీద వినపడే ఆ లావు శబ్దం 1959 లెస్ పాల్ గిటార్‌ది, ఆయన 'పర్లీ గేట్స్' అని పిలుచుకునేది. లావు తీగ వేస్తే లావు శబ్దం వస్తుందని నమ్మేవాళ్ళు నా షాప్‌కి రోజూ వస్తారు. అదే గిటార్‌కి 9 వేసి వాయించి చూపిస్తే తేడా చెప్పలేక వెళ్ళిపోతారు.

హ్యూస్టన్_పాతకాపు
తీగల గొడవ మీరే పడండి. షఫుల్ గారూ, షోలో ముందే రికార్డ్ చేసిన టేప్ వేస్తారు కదా, ఆ సంగతి ఎందుకు దాటేశారు? 1983 'ఎలిమినేటర్' ఆల్బమ్ పాటలు వచ్చినప్పుడు సింథ్ (కీబోర్డ్ శబ్దం) గట్టిగా వినపడుతుంది, స్టేజ్ మీద కీబోర్డ్ దగ్గర మనిషే ఉండడు. దీన్ని లైవ్ అంటారా?

షఫుల్_బీట్
ఆ సింథ్ లేకపోతే జనం ఒప్పుకోరు. ముగ్గురున్నప్పుడూ స్టేజ్ మీద కీబోర్డ్ మనిషి లేడు, అప్పుడు మీరే చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మాత్రం తప్పయిందా? అభిమానం పేరుతో 75 దాటిన గిబ్బన్స్‌ని ఇంట్లో కూర్చోమనడం నాకు కోపం తెప్పిస్తోంది.

డెల్టా_దారి
కొట్టుకోకండి అన్నా. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌లో డెల్టా బ్లూస్ మ్యూజియం చూశారా ఎవరైనా? బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న చెక్క ఇంటి దూలంతో గిబ్బన్స్ గిటార్ చేయించాడు. ఆయనకి బ్లూస్ మీద ఉన్న భక్తి దాన్ని చూస్తే తెలుస్తుంది. మెంఫిస్ నుంచి కారులో గంటన్నర.

ఫ్రిస్కో_గుంటూరోడు
అందరికీ థాంక్స్. కానీ సౌండ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

కేటీ_కోడలు
మా మామగారిని తీసుకెళ్ళామండీ. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ ఇంటి దగ్గరే పెట్టి అలవాటు చేయండి. స్పీకర్ల ఎదురుగా కాకుండా మధ్యలో, సౌండ్ ఇంజనీర్ కూర్చునే సౌండ్ బోర్డ్‌కి దగ్గర సీట్లు తీసుకోండి. మాటలు కూడా అక్కడే స్పష్టంగా వినపడతాయి. నడవా పక్కన సీటయితే పెద్దాయన బాత్రూమ్‌కి వెళ్ళి రావడం తేలిక. ఎల్‌వుడ్ ఆ పసుపుపచ్చ పదిహేడు తీగల బాస్‌తో వచ్చిన వీడియో మా మామగారు ముందే చూశారు, ఆయన కోసమే వచ్చానన్నారు.

ఆస్టిన్_13
పదిహేడు తీగలంట. సన్న_తీగ గారూ, అదలా ఉంచండి. నా స్ట్రాట్ గిటార్‌కి ఒకసారి 8 వేసి చూద్దామనుకుంటున్నా. నట్ (మెడ పైన తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ) మార్చాలా?

సన్న_తీగ
13 కోసం గాడి వెడల్పు చేయించి ఉంటే మార్చాల్సిందే, లేకపోతే తీగ గాడిలో ఆడి జరజరమంటుంది. వెనకాల ట్రెమొలో స్ప్రింగులు కూడా తగ్గించాలి, మెడ లోపలి ట్రస్ రాడ్ కొంచెం వదులు చేయాలి. మీటేటప్పుడు చెయ్యి తేలిక చేసుకోండి, 13 అలవాటుతో గట్టిగా కొడితే శ్రుతి తప్పుతుంది.