ఫిజియో అంటే కరెంటు పెట్టడమేనా? నాన్నకు పార్కిన్సన్స్, మాటిమాటికీ పడిపోతున్నారు

గోదావరి గట్టు:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. నాన్నగారికి డెబ్బై దాటాయి, కొన్నేళ్లుగా పార్కిన్సన్స్. మందులు టైముకే వేస్తున్నాం, వణుకు పెద్దగా లేదు. ఇబ్బందంతా నడకతోనే. హాల్లో బాగానే నడుస్తారు, వంటింటి గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకి అంటుకుపోతాయి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే గిరుక్కున తిరగబోయి పడిపోతారు. ఎక్కువగా వెనక్కే పడతారు.

ఫిజియో అబ్బాయి ఇంటికి వస్తాడు. కాళ్లకీ నడుముకీ ప్యాడ్లు పెట్టి కరెంటు ఇస్తాడు, మంచం మీదే మోకాళ్లు వంచి చాపిస్తాడు, అక్కడితో సరి. నాన్నకి ఆ కరెంటు హాయిగా ఉంటుంది. అది పెట్టకపోతే ఆ రోజు ఫిజియో జరగలేదనే అంటారు. పడటం మాత్రం తగ్గలేదు. మీ ఇళ్లల్లో ఏం చేయిస్తున్నారు, ఏది పనిచేసింది?

ఓరుగల్లు మాస్టారు:
బాబూ, నేనే పార్కిన్సన్స్ పేషెంటుని. రిటైర్డ్ లెక్కల టీచర్ని. గుమ్మం దగ్గర ఆగిపోవడం నాకు బాగా తెలుసు. చూసేవాళ్లకు అర్థం కాదు, "కాలు తీసి వెయ్యండి, ఏముంది" అంటారు, చెయ్యి పట్టి లాగుతారు. లాగితే ఇంకా బిగుసుకుపోతాం.

మా ఇంట్లో గుమ్మాలకు ఇటూ అటూ నేల మీద అడ్డంగా రంగు టేపు పట్టీలు వేశారు, అడుగున్నర ఎడంతో. గీత దాటాలి అనుకుంటే కాలు లేస్తుంది, నడవాలి అనుకుంటే లేవదు. నమ్మబుద్ధి కాదు గానీ అంతే. గీతలు లేనిచోట మనసులో ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటాను. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ కూడా ఉంది, టిక్ టిక్ అని తాళం వేస్తుంది, సంగీతం నేర్చుకునేవాళ్లు వాడేది. తిరిగేటప్పుడు ఉన్నచోట తిరగను, డిపోలో ఆర్టీసీ బస్సు తిరిగినట్టు వెడల్పుగా చుట్టి వస్తాను. కాలు ఆగిపోతే కంగారుపడను. నిటారుగా నిలబడి, ఒంటి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చి, అప్పుడు ఒక పెద్ద అడుగు వేస్తాను.

వెనక నుంచి పిలవడం మా ఇంట్లో నిషేధం. ఎదురుగా వచ్చి మాట్లాడాలి. నేను నడుస్తుంటే కబుర్లు పెట్టకూడదు, చేతికి కాఫీ గ్లాసు ఇవ్వకూడదు. ఈ రూల్స్ అమలు చేసేది మా మనవరాలు, వాళ్ల నానమ్మకి కూడా ఫైన్ వేస్తుంది.

సీమ ఫిజియో:
తిరుపతిలో పనిచేస్తాను, న్యూరో ఫిజియోలో ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చేశాను. మాస్టారు గారు చెప్పినదంతా మేం చదువుకున్నదే. ఆలోచించకుండా అలవాటుగా సాగే పనులను నడిపించే మెదడు భాగం పార్కిన్సన్స్‌లో దెబ్బతింటుంది. గీతో, తాళమో ఇస్తే నడక ఆ దారి వదిలి, చూపుతో, శ్రద్ధతో నడిచే ఇంకో దారి పట్టుకుంటుంది. నడుస్తూ మాట్లాడకూడదనేది కూడా అందుకే. ఉన్న శ్రద్ధ మాటల మీదికి పోతే అడుగు మీద మిగలదు.

ఇక కరెంటు సంగతి. మీరు చెప్పిన ప్యాడ్ల మిషన్ నొప్పి తగ్గించడానికి. నడుము నొప్పి ఉంటే తప్పులేదు. పడిపోవడానికి దానికీ సంబంధం లేదు. పక్షవాతంలో పాదం వేలాడిపోయినవాళ్లకు, సరిగ్గా అడుగు వేసే క్షణంలో కండరాన్ని లేపడానికి వేరే రకం కరెంటు వాడతాం. అది నడిపిస్తూ పెట్టేది, పడుకోబెట్టి కాదు.

బ్యాలెన్స్ నిలబడితేనే వస్తుంది. సెషన్లో ఎక్కువ భాగం మీ నాన్నగారు కాళ్ల మీద ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. పక్కకీ వెనక్కీ అడుగులు. తిరగడం. చేతులు బాగా ఊపుతూ మామూలు కన్నా పెద్ద అడుగులు. వాళ్లకు పెద్దగా అనిపించే అడుగు మనకు మామూలుగానే కనిపిస్తుంది, కాబట్టి "ఇంకా పెద్దది" అని పదేపదే చెప్పాలి. ఇదంతా గోడ మూలలోనో వంటగట్టు దగ్గరో, పక్కన మనిషి ఉండగా చేయించాలి. మాత్ర బాగా పనిచేస్తున్న సమయం చూసుకోండి. మాత్ర ప్రభావం తగ్గిపోయాక చేయిస్తే అలసట తప్ప ఏమీ ఉండదు.

రెండు పనులు ఇంట్లోనే చేయొచ్చు. ఒకటి, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోడానికి ఎంత టైము పడుతుందో చూడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. నెలకోసారి చూసి రాసిపెట్టుకుంటే ఫిజియో పనిచేస్తోందో లేదో మీకే తెలుస్తుంది. రెండోది, 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి 1 నిమిషానికీ 3 నిమిషాలకీ మళ్లీ చూడండి. పై అంకె 20 కానీ అంతకు మించి కానీ పడితే న్యూరాలజిస్టుకి చెప్పండి. పార్కిన్సన్స్‌లో ఇది మామూలే. అలాంటప్పుడు ఎన్ని ఎక్సర్‌సైజులు చేయించినా మంచం దిగగానే పడతారు.

కాకినాడ కోడలు:
ఇదే చోట అడుగుతున్నా, ఏమనుకోకండి. మా అత్తగారికి వేరే సమస్య, తల తిరుగుడు. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, గది మొత్తం గిర్రున తిరుగుతుంది, కాసేపటికి ఆగుతుంది. ఒక ఆసుపత్రిలో మెడ ఎక్స్‌రే తీసి "మెడ అరుగుదల" అని పట్టీ ఇచ్చారు, తల తిరుగుడుకి మాత్రలు రాశారు. నెలలు గడిచాయి. పట్టీ పెట్టుకుని మెడ కదపకుండా తిరగడం వల్ల నడక కూడా చెడింది. చివరికి ఒక ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే, తల ఒక పక్కకి తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లలోకి చూశారు. కనుగుడ్లు అదిరాయట. అక్కడికక్కడే తలని నాలుగు భంగిమల్లో తిప్పి కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం ఆవిడ ఒత్తిగిలి పడుకుంటే ఏమీ కాలేదు! ఇది ఫిజియోవాళ్లు కూడా చేస్తారట కదా, మాకెవరూ చెప్పలేదు.

సీమ ఫిజియో:
చేస్తాం మేడమ్. అది బీపీపీవీ. లోపలి చెవిలో ఉండాల్సిన సన్నటి కాల్షియం స్ఫటికాలు జారి పక్కనున్న వంకర గొట్టంలో పడతాయి. తల కదిలిస్తే అవి కదిలి, ఒళ్లంతా తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు పంపిస్తాయి. మీ ఈఎన్‌టీ చేసినది ఎప్లీ పద్ధతి, అమెరికాలో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు పేరు మీద వచ్చింది. స్ఫటికాలను వచ్చిన దారినే వెనక్కి పంపడం, అంతే. మాత్రలతో అవి కదలవు. మళ్లీ వచ్చే అవకాశం ఉంది, వస్తే మళ్లీ చేయించండి. ఏ చెవి, ఏ గొట్టం అని తేల్చుకోకుండా వీడియో చూసి సొంతంగా చేయకండి, గొట్టాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

ఆ మాత్రల గురించి ఒక మాట. ప్రోక్లోర్‌పెరజైన్, సినరిజిన్ లాంటివి నాలుగు రోజులకు రాసినవి కొందరు ఏళ్ల తరబడి షాపులో కొనుక్కుని వాడేస్తుంటారు. పెద్దవాళ్లలో వీటివల్ల అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఒళ్లు బిగుసుకుని నడక నెమ్మదించవచ్చు. రాజమండ్రి అన్నా, మీ నాన్నగారి మందుల డబ్బాలో ఇవేమైనా ఉన్నాయేమో చూసి డాక్టరుకి చూపించండి.

తల తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, అసలు నిలబడలేకపోవడం ఉంటే అది చెవి కాదు, స్ట్రోక్ (పక్షవాతం) కావచ్చు. వెంటనే 108. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే టైము.

ఇందూరు తమ్ముడు:
పక్షవాతం మాట వచ్చింది కాబట్టి. మా అన్నకు ఎడమ పక్క పడిపోయింది. మొదట్లో చుట్టాలందరూ డాక్టర్లే. ఒకరు పసరు మందు అన్నారు, ఒకరు పావురం రక్తం రుద్దమన్నారు. మా వదిన గట్టిది, ఎవరినీ దగ్గరికి రానియ్యలేదు. ఇప్పుడు కర్రతో నడుస్తాడు. చెయ్యే ఇంకా రాలేదు, భుజం ఒకటే నొప్పి. దూలానికి కప్పీ కట్టి, మంచి చేత్తో తాడు లాగి చెడ్డ చేతిని పైకి లేపిస్తున్నాం. ఆరు నెలలు దాటితే ఇక రాదు అంటున్నారు, నిజమేనా?

సీమ ఫిజియో:
తమ్ముడూ, ఆ కప్పీ ఈరోజే విప్పేయండి. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాలు వదులై కీలు కిందికి జారి ఉంటుంది. తాడుతో లాగితే లోపల నలిగి నొప్పి పెరుగుతుంది. చంకలో చెయ్యి వేసి లేపడం, చెడ్డ చెయ్యి పట్టుకుని లాగడం కూడా వద్దు. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టండి. రెండు చేతులూ బల్ల మీద పెట్టి టవల్‌ని ముందుకి జరిపించండి, నొప్పి లేనంత వరకే.

ఆరు నెలల మాట సగం నిజం. వేగంగా వచ్చేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే, అందుకే అప్పుడు బద్ధకించకూడదు. తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగదు. వేళ్లు, మణికట్టు కాస్తయినా కదులుతుంటే మంచి చేతిని రోజూ కొన్ని గంటలు కట్టేసి చెడ్డ చేతితోనే పనులు చేయించే పద్ధతి ఉంది. అసలే కదలకపోతే అద్దంలో మంచి చేతి కదలికలు చూపిస్తూ చేయించేది ఉంది. మీ అన్నకు ఏది నప్పుతుందో చెయ్యి చూసి చెప్పాలి.

డల్లాస్ శీను:
ఇన్ని చెప్తున్నారు, ఇంట్లోవాళ్లు నేర్చుకుంటే సరిపోదా? ఇండియాలో అందరికీ ఫిజియో ఎక్కడ దొరుకుతారు? అన్నట్టు తాయ్ చీ అనే చైనా వ్యాయామం మీద ఇక్కడ ఒరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ పేషెంట్లతో అధ్యయనం చేశారు, 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు, 24 వారాలు. బ్యాలెన్స్ మెరుగైంది, పడటం కూడా తగ్గింది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చేర్పించాను, ఇష్టంగా వెళ్లింది. హైదరాబాద్ వెళ్లాక మానేసింది.

సీమ ఫిజియో:
స్ట్రోక్ విషయంలో మీ ప్రశ్నని మన దేశంలోనే పరీక్షించారు శీను గారూ. అటెండ్ అనే అధ్యయనం, 14 ఆసుపత్రులు, 1250 మంది పేషెంట్లు. కుటుంబంలో ఒకరికి నేర్పించి ఇంటికి పంపారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లకూ వీళ్లకూ చనిపోవడంలో కానీ ఇతరుల మీద ఆధారపడటంలో కానీ తేడా లేదు. ఇంట్లోవాళ్లు కావాలి, వాళ్లు లేకపోతే మేం చెప్పింది రోజూ జరగదు. కానీ వాళ్లొక్కరితో అయ్యే పని కాదు.

బెజవాడ బాబాయ్:
నాకు షుగరే, ఇంకేమీ లేదు. అయినా బాత్‌రూమ్‌లో చెంబుతో తల మీద నీళ్లు పోసుకుంటుంటే పడ్డాను. పగలు వెలుతురులో ఎంత దూరమైనా నడుస్తాను. రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకోవాల్సిందే. ఇది వయసేనంటారా?

సీమ ఫిజియో:
వయసు కాదు బాబాయ్ గారూ. నిలబడటానికి మనకు మూడు ఆధారాలు: కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ. షుగర్ వల్ల మీ పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది, ఆ లోటు కళ్లు భర్తీ చేస్తున్నాయి. నీళ్లు పోసుకుంటూ కళ్లు మూసుకున్నారు, ఆ ఆధారం కూడా పోయింది. చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బీ12 కూడా చూపించుకోండి, అది తగ్గినా ఇలాగే అవుతుంది. స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి, రాత్రి చిన్న లైటు వెలగనివ్వండి. ఇంట్లో హవాయి చెప్పులు మానేసి మడమ దగ్గర పట్టీ ఉన్నవి వేసుకోండి.

కాకినాడ కోడలు:
ఒక సమాచారం, ఎవరికైనా పనికొస్తుందని. 2016 దివ్యాంగుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. వైకల్యం 40 శాతం కానీ అంతకు మించి కానీ ఉంటే సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) తీసుకోవచ్చు. ఆంధ్రాలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6 వేలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15 వేలు.

గోదావరి గట్టు:
అందరికీ చాలా థాంక్స్. నిలబెట్టి బీపీ చూస్తే పై అంకె బాగానే పడుతోంది, డాక్టరు బీపీ మాత్ర తగ్గించారు. టేపు గీతలు వేశాం. వంటింటి గుమ్మం దాటుతున్నారు, బాత్‌రూమ్ దగ్గర మాత్రం ఇంకా ఆగుతున్నారు.

ఫిజియో అబ్బాయితో మాట్లాడాను. అతనికి ఇవన్నీ తెలుసు! "కరెంటు పెట్టకపోతే డబ్బులు దేనికి అంటారు సార్, లేపి నడిపిస్తే నొప్పి పెడుతున్నావని మాన్పించేస్తారు" అన్నాడు. మా వీధిలో ఇద్దరు అలాగే మాన్పించారట. ఇప్పుడు నాన్నతో ఒప్పందం ఏమిటంటే ముందు లేచి నడవాలి, చివర్లో పది నిమిషాలు కరెంటు.

ఒక డౌటు. నాలుగు కాళ్ల వాకర్ కొందామనుకుంటున్నాం, మంచిదేనా?

సీమ ఫిజియో:
ఎత్తి ముందుకి పెట్టే వాకర్ వద్దు. ఎత్తడం, పెట్టడం, అడుగు వేయడం, ప్రతిసారీ ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. మీ నాన్నగారికి కష్టమైనదే ఆ మొదలుపెట్టడం. చేతి బ్రేకులున్న చక్రాల వాకర్ నప్పవచ్చు, కానీ కొందరిలో అది ముందుకి పరుగెత్తి వాళ్లే వెనకబడతారు. కొనకముందు ఎవరిదైనా అడిగి తెచ్చి, ఆ అబ్బాయి ఉండగా వరండాలో నడిపించి చూడండి. మలుపు దగ్గర ఎలా తిరుగుతున్నారో ముఖ్యంగా చూడమనండి.

ఓరుగల్లు మాస్టారు:
నా దగ్గర ఒకటి వాడకుండా ఉంది, రాజమండ్రి దూరమైపోయింది. బాత్‌రూమ్ గుమ్మానికి టేపు తడికి లేచిపోతుంది, అక్కడ పెయింటు వేయించండి. తెల్ల టైల్స్ అయితే ముదురు రంగు.