మాన్యువల్ మెషీన్ మీద సాధన చేస్తే నేల మీద మాన్యువల్ వస్తుందా?

కొండబాట:
మూడు వారాలుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు, అందుకే అడుగుతున్నాను. మౌంటెన్ బైక్ మీద మాన్యువల్ నేర్చుకుంటున్నాను. వీలీ కాదు. పెడల్ తొక్కుతూ ముందు చక్రం లేపితే వీలీ. పెడల్ తొక్కకుండా, ఒంటి బరువు వెనక్కి వేసి, ముందు చక్రాన్ని గాల్లో ఉంచి దొర్లుకుంటూ పోతే మాన్యువల్.

నేల మీద ఎన్నిసార్లు ప్రయత్నించినా రాకపోవడంతో చెక్కలతో మాన్యువల్ మెషీన్ కట్టుకున్నాను. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను: వెడల్పాటి చెక్క చట్రం ఉంటుంది. వెనక చక్రం అందులో ఇరుక్కుని ముందుకూ పక్కకూ కదలకుండా నిలబడుతుంది. ఫ్రేమ్‌కూ ముందున్న చెక్కకూ మధ్య ఒక బెల్టు కడతాం. మరీ వెనక్కి వాలితే అది బిగుసుకుని ఆపుతుంది. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు దాని మీదే ఉంటున్నాను. ఇప్పుడు బెల్టు బిగుసుకోకుండా నిమిషం పైగా నిలబడగలను. అదే బైకును నేల మీదికి తెస్తే రెండు బైకుల పొడవు కూడా పోలేకపోతున్నాను. చక్రం లేస్తుంది, గుండె ఝల్లుమంటుంది, చక్రం దిగిపోతుంది.

కొనసాగించాలా, ఆపేయాలా? ఇదే సరైన దారి అని కొందరు అంటున్నారు. చెడు అలవాటు పడుతుందని ఇంకొందరు. మాన్యువల్ నిజంగా వచ్చినవాళ్లు చెప్పండి.

వెనకచక్రం:
ఆపేయండి అనే నేను చెబుతాను. మీ కష్టాన్ని చిన్నచేయాలని కాదు.

మాన్యువల్‌కు ప్రాణం వెనక బ్రేక్ మీద ఉండే చూపుడువేలు. నేల మీద మీరు బ్యాలెన్స్ పాయింట్ (ముందుకూ వెనక్కీ పడకుండా నిలిచే చోటు) దాటి వెనక్కి పోతున్నారనుకోండి. బ్రేక్ కొద్దిగా తగిలిస్తే టైరు నేలను పట్టుకుని వేగం తగ్గుతుంది, మీ బరువు ముందుకు తూగుతుంది, ముందు చక్రం దిగుతుంది. వెనక్కి తిరగబడకుండా మిమ్మల్ని కాపాడేది అదే. ఇప్పుడు మెషీన్ ఎక్కి అదే బ్రేక్ నొక్కి చూడండి. బైకు ముందుకు పోవడం లేదు కాబట్టి తగ్గడానికి వేగమే లేదు. చక్రం ఫ్రేమ్‌కు బిగుసుకుంటుంది, ముందు చక్రం కిందికి రాదు. అంటే బ్రేక్ పని చేయదని మీ వేలికి మూడు వారాలు నేర్పించారు. ఆ పని బెల్టు చేస్తుందని ఒంటికి అలవాటైంది. నేల మీద బెల్టు లేదు. మీకు భయం వేయడంలో వింతేమీ లేదు, మీ శరీరం సరిగ్గానే లెక్క వేసుకుంటోంది.

మట్టివాసన:
నేను మెషీన్ మీదే నేర్చుకున్నాను, కాబట్టి ఆపేయమనే మాట ఒప్పుకోలేను.

నేల మీద కొత్తవాళ్లు వందసార్లు లేపితే ప్రతిసారీ చక్రం గాల్లో ఉండేది అర సెకను. అంతా కలిపినా నిమిషం కాదు. ఆ ముక్కల్లో నడుము ఎంత వెనక్కి పోవాలో, మోచేతులు ఎప్పుడు చాపాలో ఎలా తెలుస్తుంది? మెషీన్ మీద ఆ చోట ఊపిరి పీల్చుకుంటూ నిలబడవచ్చు. నాకు మొదటిసారి బ్యాలెన్స్ పాయింట్ తగిలినప్పుడు ఆశ్చర్యపోయాను, నేను ఊహించినదానికన్నా అది చాలా వెనక ఉంది. అప్పటిదాకా నేల మీద నేను దాని దగ్గరికే వెళ్లలేదు.

ఇంకో సంగతి. చాలామంది హ్యాండిల్‌బార్‌ను చేతులతో లాగి చక్రం లేపుతారు. అలా లేచింది వెంటనే పడిపోతుంది. ముందు మోకాళ్లు వంచి కిందికి దిగాలి, ఆ తర్వాత చేతులు చాపి నడుమును వెనక్కి జార్చాలి, కాళ్లతో పెడల్స్‌ను ముందుకు తోయాలి. కిందికి, ఆ తర్వాతే వెనక్కి. ఈ వరస నాకు మెషీన్ మీద కుదిరింది. భయం లేని చోట కాబట్టే కుదిరింది.

కర్రసాము:
ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ బ్రేక్ కన్నా లోతైన తేడా ఇంకొకటి ఉంది, దాని మీద ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.

చిన్నప్పుడు అరచేతి మీద కర్ర నిలబెట్టి ఆడి ఉంటారు. కర్ర ఎటు వాలితే చెయ్యి అటు పరిగెడుతుంది. కర్రను నిలబెట్టేది ఆ పరుగే. నేల మీద మాన్యువల్ అలాంటిదే. కర్ర మీరు, అరచేయి వెనక చక్రం. బైకు పదిహేను కిలోలు, మీరు డెబ్భై అనుకుందాం. కాళ్లతో పెడల్స్‌ను ముందుకు తోస్తే ఎక్కువగా కదిలేది తేలికైన బైకే. అది మీ కింద నుంచి ముందుకు జారుతుంది, చక్రం పైకి లేస్తుంది. మోకాళ్లు వంచితే బైకు మళ్లీ మీ కిందికి వస్తుంది, ముందు భాగం దిగుతుంది. చక్రాన్ని ఎత్తులో నిలిపేది ఈ కాళ్ల ఆటే.

మెషీన్ మీద వెనక చక్రం కట్టేసి ఉంది. అరచేతిని బల్లకు కట్టేసి కర్ర నిలబెట్టమన్నట్టే. అక్కడ కాళ్లతో తోస్తే బైకు ముందుకు పోదు, మీ డెబ్భై కిలోల ఒళ్లే మొత్తంగా వెనక్కి పోతుంది. కదలిక నెమ్మదిగా, పెద్దగా ఉంటుంది. ఆ వేగానికి అలవాటుపడిన శరీరం నేల మీదికి రాగానే ప్రతి సవరణా అవసరానికి మించి చేస్తుంది. కొండబాట గారూ, మీ చక్రం దిగిపోవడానికి భయం ఒక్కటే కారణమని నేననుకోను. లేచిన వెంటనే మోకాళ్లు ఎక్కువ వంచేస్తున్నారేమో, ఎవరితోనైనా పక్క నుంచి వీడియో తీయించుకుని చూడండి.

మట్టివాసన:
ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. నేల మీదికి వచ్చిన మొదటి వారం నాకూ అలాగే ఊగింది. కానీ ఆ వారం నేను తట్టుకోగలిగానంటే చక్రం ఎంత ఎత్తులో తేలుతుందో ముందే తెలియడం వల్లే. లక్ష్యం ఎక్కడుందో తెలిసి తప్పడం వేరు, తెలియక తప్పడం వేరు.

ఇరవైతొమ్మిది:
చర్చ కొంచెం పక్కకు తిప్పుతున్నాను. కొండబాట గారూ, మీ బైకు చక్రం ఎంత? నేను ముందు బీఎమ్‌ఎక్స్ (చిన్న చక్రాల విన్యాసాల సైకిల్) తొక్కేవాణ్ణి. అక్కడ చక్రం 20 అంగుళాలు, క్రాంక్ (పెడల్స్ బిగించే చేయి) తిరిగే ఇరుసు వెనక చక్రం ఇరుసుకన్నా పైన ఉంటుంది, చెయిన్‌స్టే (క్రాంక్ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉండే గొట్టం) 14 అంగుళాల దగ్గర. నడుము కొంచెం వెనక్కి వేస్తే చాలు లేచిపోయేది. 29 అంగుళాల మౌంటెన్ బైకుకు మారాక అదే కదలిక పెడితే చక్రం నేల వదల్లేదు. ఇందులో క్రాంక్ ఇరుసు వెనక ఇరుసుకన్నా దాదాపు 30 మిల్లీమీటర్లు కింద ఉంటుంది, చెయిన్‌స్టే 430 నుంచి 450 మిల్లీమీటర్లు. మనం నిలబడేది రెండు ఇరుసుల గీత కింద కాబట్టి బైకు స్థిరంగా ఉంటుంది, లేపడానికి మొరాయిస్తుంది. ఒకసారి లేచాక మాత్రం పొడుగు చెయిన్‌స్టే మేలే చేస్తుంది. అన్నీ నెమ్మదిగా జరుగుతాయి, సవరించుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

వెనక సస్పెన్షన్ ఉంటే ఇంకో తలనొప్పి. మీరు కిందికి నొక్కిన బలంలో కొంత షాక్ మింగేస్తుంది. నేర్చుకునే రోజుల్లో షాక్‌లో గాలి కొంచెం పెంచండి. మెషీన్ గురించి వెనకచక్రం గారూ కర్రసాము గారూ చెప్పిన తేడాలన్నీ నిజమే కానీ, బీఎమ్‌ఎక్స్ రానివాళ్లకు 29 మీద నడుము ఎంత దూరం పోవాలో నమ్మించడానికి అంతకన్నా మంచి పరికరం నేను చూడలేదు.

కొండబాట:
29 అంగుళాలే, వెనక సస్పెన్షన్ ఉంది. డ్రాపర్ (సీటును కిందికి దించే కడ్డీ) పూర్తిగా దించే సాధన చేస్తున్నాను. ఇంకొక విషయం ముందే చెప్పాల్సింది. నాకు ఈ భయం ఊరికే రాలేదు. మొదట కొన్న ఒక మెషీన్ బెల్టు బకిల్ జారిపోయి వెల్లకిలా పడ్డాను. మణికట్టు రెండు వారాలు నొప్పి పెట్టింది. అందుకే దాన్ని తీసేసి సొంతంగా కట్టుకున్నాను.

వెనకచక్రం:
మణికట్టు ఇప్పుడు ఎలా ఉంది? ఈ మాట చదివాక నా వాదన ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మెషీన్ భద్రమని అందరూ అంటారు, కానీ ఆ భద్రత అంతా ఒకే ఒక్క బెల్టు మీద ఆధారపడి ఉంది. మెషీన్ మీద వెనక్కి పడితే దిగి నడిచే వీలు తక్కువ, ఎందుకంటే వెనక చక్రం ముందుకు కదలకుండా ఉంటుంది. చట్రం చెక్కలు కాళ్ల వెనకే ఉంటాయి. నేల మీద ఫ్లాట్ పెడల్స్‌తో (షూ ఇరుక్కోని పెడల్స్) వెళ్తుంటే బైకు ముందుకు జారిపోతుంది, మనం వెనక రెండు కాళ్ల మీద దిగుతాం. దిగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మెషీన్ దాన్ని నేర్పదు.

మట్టివాసన:
బెల్టు గురించి వెనకచక్రం గారితో వంద శాతం ఏకీభవిస్తున్నాను. నేను బకిల్‌తో పాటు విడిగా ఒక తాడు కట్టేవాణ్ణి, బెల్టుకన్నా రెండు వేళ్లు వదులుగా. బెల్టు జారినా తాడు పట్టుకుంటుంది. చట్రం అడుగు చెక్కలు వెనక ఇరుసు దాటి బాగా వెనక్కి రావాలి, లేకపోతే బెల్టు బిగిసినప్పుడు చట్రంతో సహా తిరగబడతాం. కొండబాట గారూ, మీది కొలిచి చూసుకోండి.

కర్రసాము:
నా సలహా ఇది. రోజూ చేయించి చూసిన మాట, పుస్తకంలో చదివింది కాదు.

మెషీన్ పక్కన పెట్టండి, విరగ్గొట్టకండి. పొట్టి గడ్డి ఉన్న కొద్దిపాటి వాలు వెతకండి, పెడల్ తొక్కకుండా జాగింగ్ వేగంతో దొర్లేంత వాలు చాలు. హెల్మెట్, ఫ్లాట్ పెడల్స్, గ్లౌవ్స్. సీటు పూర్తిగా కిందికి. మొదటి మూడు రోజులు మాన్యువల్ పట్టడానికి ప్రయత్నించవద్దు. కావాలనే ఎక్కువ లేపండి, బ్యాలెన్స్ పాయింట్ దాటేలా. దాటగానే వేలితో బ్రేక్ తట్టండి, గట్టిగా పట్టుకోకండి. చక్రం ధడేలున దిగుతుంది, దిగనివ్వండి. పది సార్లు ఇలా దించాక మీ శరీరానికి తెలుస్తుంది, వెనక్కి పోయినా తిరిగి రావచ్చని. ఒకటి రెండుసార్లు బ్రేక్ వేయకుండా వెనక నుంచి రెండు కాళ్ల మీద దిగి బైకును వదిలేయండి, అదీ తెలియాలి.

బ్రేక్ మీద నమ్మకం కుదిరాక చక్రాన్ని నిలపడం మొదలుపెట్టండి. అప్పుడు కావాలంటే వారానికి ఒకసారి మెషీన్ ఎక్కండి, నడుము ఎక్కడ ఉండాలో గుర్తు చేసుకోవడానికి. మొదట బ్రేక్ నేర్చుకున్నవాడికి మెషీన్ హాని చేయడం నేను చూడలేదు. మెషీన్ మీద మొదలుపెట్టి బ్రేక్ ఎప్పుడూ నేర్చుకోనివాళ్లే రెండు బైకుల పొడవు దగ్గర ఆగిపోతున్నారు.

మట్టివాసన:
ఒక్క అభ్యంతరం. ఒకసారి వెల్లకిలా పడి మణికట్టు దెబ్బతిన్న మనిషిని మొదటి రోజే "కావాలని దాటించు" అనడం నాకు భయంగా ఉంది. భయపడ్డ వేలు బ్రేక్ తట్టదు, గట్టిగా నొక్కేస్తుంది. ముందు మామూలుగా చదునులో వెళ్తూ, ముందు చక్రం జానెడు లేపి బ్రేక్‌తో దించడం చేయించండి. ఎత్తు కొద్దికొద్దిగా పెంచవచ్చు.

కర్రసాము:
సరే, అది నా పద్ధతికన్నా మంచిది. జానెడు నుంచి మొదలుపెట్టండి కొండబాట గారూ.

కొండబాట:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మణికట్టు బాగానే ఉంది. చట్రం కొలిచాను, ఇరుసు వెనక చెక్క జానెడే ఉంది. పొడవు పెంచాను.

జానెడు ఎత్తు, మూరెడు ఎత్తు అంటూ ఐదు రోజులు బ్రేక్‌తో దించడమే చేశాను. ఆరో రోజు మొదటిసారి దాటించి బ్రేక్ తట్టాను, చక్రం దిగింది. చాలాసేపు వాలు పైన కూర్చుండిపోయాను, అంత తేలికైంది మనసు. వీడియో తీయించి చూస్తే కర్రసాము గారు చెప్పినట్టే మోకాళ్లు ముడుచుకుపోతున్నాయి. ఇప్పుడు గడ్డి మీద పది, పన్నెండు బైకుల పొడవు వస్తోంది, రోజులో ఒకటి రెండుసార్లు. మెషీన్ మీద నేర్చుకున్న నడుము జాగా పనికొచ్చింది, అది కాదనలేను. ఆ జాగాలో నన్ను నిలబడనిచ్చింది మాత్రం బ్రేకే.

కొత్త ఇబ్బంది: ఎప్పుడూ ఎడమకే ఒరిగిపోతున్నాను. మెషీన్ మీద ఇది ఎన్నడూ లేదు.

వెనకచక్రం:
వినడానికి చాలా సంతోషంగా ఉంది. మెషీన్ చట్రం పక్కలకు పడనివ్వదు కాబట్టి అక్కడ ఇది కనిపించదు. ముందుగా మీ చూపు ఎక్కడ ఉందో చూసుకోండి. చక్రం వైపు చూస్తుంటే ఒరుగుతారు, దూరంగా ఒక చెట్టునో రాయినో చూడండి. నడుము వెనక్కి జార్చేటప్పుడు సీటుకు సరిగ్గా నడిమధ్యలో పోతోందో లేదో వెనక నుంచి వీడియో తీయించండి. కొందరికి ముందు పాదం (నిలబడినప్పుడు ముందు పెడల్ మీద ఉండేది) వైపు నడుము తిరుగుతుంది. ఎడమకు ఒరుగుతుంటే ఎడమ మోకాలు బయటికి తెరవకండి, కుడి మోకాలు బయటికి తెరవండి. బరువు అటు పోతుంది.

కొండబాట:
నా ముందు పాదం ఎడమదే. రేపు వెనక నుంచి తీయిస్తాను.