జూన్ సినిమా రాత్రి: ఏం వేద్దాం, ఎవరేం పని చూసుకుంటారు?

కోదాడ అన్న:
అందరికీ నమస్తే. జూన్ చివరి శనివారం ఇక్కడ లాస్ ఏంజెలెస్‌లో మన తెలుగువాళ్ల పిక్నిక్‌కు పార్కు ఖాయమైంది. సాయంత్రం ఆటలు, తిండి, చీకటి పడ్డాక తెర కట్టి సినిమా. ఇప్పటిదాకా వచ్చిన పేర్లు: ‘హనుమాన్’, ఏదో ఒక ‘స్పైడర్‌మాన్’, మన నల్లగొండ తమ్ముడు చెప్పిన ‘రాకెటీర్’. ఈ మూడోది నేనెప్పుడూ వినలేదు. తమ్ముడూ, సెలవుకు ఊరెళ్లానని తప్పించుకోకు, ఎందుకో చెప్పు.

నల్లగొండ తమ్ముడు:
అన్నా, ఇక్కడ నల్లగొండలో పొద్దున ఆరైంది. ఎండ ముదరక ముందే రాసేస్తా.

‘ది రాకెటీర్’ డిస్నీ వాళ్ల సినిమా. అమెరికాలో 1991 జూన్ 21న విడుదలైంది. అదే రోజు ఢిల్లీలో మన పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఇందులోనూ ఒక పీవీ ఉన్నాడు, ముసలి మెకానిక్. డైరెక్టర్ జో జాన్‌స్టన్. తర్వాత ‘జుమాంజీ’ తీసింది, 2011లో ‘కెప్టెన్ అమెరికా’ మొదటి భాగం తీసింది ఆయనే. సంగీతం ‘టైటానిక్’ జేమ్స్ హార్నర్. ఇంతమంది ఉండి కూడా సరిగ్గా ఆడలేదు. వారం ముందు కెవిన్ కాస్ట్నర్ ‘రాబిన్ హుడ్’, ఇంకో రెండు వారాలకు ‘టెర్మినేటర్ 2’. మధ్యలో దీన్ని ఎవరు చూస్తారు? రెండో భాగం తీయనే లేదు.

కథ 1938లో, మీరంతా ఉండే లాస్ ఏంజెలెస్‌లోనే. క్లిఫ్ అనే కుర్ర పైలట్, పీవీ కలిసి కష్టపడి తయారు చేసుకున్న రేసు విమానం కూలిపోతుంది. చేతిలో పైసా లేదు. అప్పుడు గూండాలు దాచిన రాకెట్ ఒకటి దొరుకుతుంది. వీపుకు కట్టుకుంటే మనిషి ఎగురుతాడు. అంతే. సాలీడు కుట్టదు, దేవుడు వరమివ్వడు. మొదటిసారి ఎగిరేది కూడా లోకాన్ని కాపాడటానికి కాదు. ఎయిర్‌షోకు వీడు ఆలస్యంగా వస్తే, వీడి బదులు ఒక ముసలాయన విమానం ఎక్కుతాడు. ఆయన్ని కిందికి తేవడానికి. ఆ ఎగరడం కూడా మహా గందరగోళంగా ఉంటుంది! నాకు నచ్చింది సరిగ్గా అదే. ఇప్పటి సూపర్‌హీరో సినిమాల్లో ఊళ్లకు ఊళ్లు కూలిపోతున్నా నాకు ఏమీ అనిపించదు. ఇందులో రాకెట్‌కు పడ్డ చిల్లును చూయింగ్ గమ్‌తో మూస్తారు, ఆ గమ్ ఊడుతుందేమోనని నాకు టెన్షన్. ఆఖర్లో అది చేసే పని చెప్పను, పిల్లలు చూసి చెప్తారు.

కోదాడ అన్నా, మీకు ప్రత్యేకంగా ఒక మాట. మీ కోదాడ పక్క గుడిబండలో పుట్టిన కత్తి కాంతారావును తలుచుకోండి. ‘గురువును మించిన శిష్యుడు’ లాంటి విఠలాచార్య సినిమాల్లో డబ్బు తక్కువ, మాయలు ఎక్కువ. గొప్ప సినిమాలని ఎవరూ లెక్కేయరు, కానీ టీవీలో వస్తే మా నాన్న ఇప్పటికీ లేవడు. ‘రాకెటీర్’ను నేను ఆ వరసలోనే కూర్చోబెడతా. తమాషా ఏంటంటే, ఇందులో సినిమాల్లో కత్తి తిప్పే హీరోయే విలన్! రెండుసార్లు జేమ్స్ బాండ్ వేసిన టిమొతి డాల్టన్ ఆ వేషం వేశాడు. బయటికి పెద్ద స్టార్, లోపల నాజీ గూఢచారి. ఆ సంగతి తెలిసినప్పుడు వాడికి పనిచేసే గూండా నాయకుడు ఎటు తిరుగుతాడో చూడండి. ఆ సీనుకు ఈలలు పడకపోతే పార్కులో చెత్త నేనొక్కడినే ఎత్తుతా.

ఇంకోటి. చుట్టాలు వస్తే మనం తీసుకెళ్లే గ్రిఫిత్ అబ్జర్వేటరీ దగ్గరికే జర్మన్ జెప్పెలిన్ (గ్యాసుతో తేలే పెద్ద గాలి ఓడ) వస్తుంది. కొండ మీది అక్షరాలు ఆ రోజుల్లో ‘హాలీవుడ్‌ల్యాండ్’ అని ఉండేవి. నిజానికి చివరి ముక్కను 1949లో తీసేశారు. సినిమా మాత్రం దానికి వేరే కారణం చెప్తుంది. అక్కడ పుట్టిన పిల్లలకు ఇది మామూలు మజా కాదు.

కొల్లాపూర్ అక్క:
నిన్న రాత్రి చూసిన. బాగుంది, ఒప్పుకుంటా. క్లిఫ్ ప్రేమించే ఆ జెన్నీ పిల్ల ఎవరో వచ్చి కాపాడాలని కూర్చోకుండా పూలకుండీతో విలన్ నెత్తి మీద ఒక్కటిచ్చింది, అది మరీ నచ్చింది. కానీ ఆ పొడుగాటి గూండా ఒకణ్ణి రెండుగా మడిచేస్తాడు కదా! వాడి మొహం చూస్తే మా చిన్నోడు వారం రోజులు నిద్రపోడు. ఆరేళ్ల లోపు పిల్లలకు వేరే ఏర్పాటు చేయాల్సిందే.

నల్లగొండ తమ్ముడు:
నిజమే అక్కా, ఆ సీన్ నా బుర్రలోకి రాలేదు. చిన్నవాళ్లను అవతలి గుడారం దగ్గర మీరు చూసుకుంటారా?

కొల్లాపూర్ అక్క:
చూసుకుంటా, కానీ ఒక షరతు. సినిమాకు ముందు అందరికీ పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న పాట వినిపించాలి. ఉన్నోళ్ల దగ్గర తీసుకుని లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుడు. పాడే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మీ నల్లగొండకు కాంతారావు ఉంటే మాకు సాయన్న ఉన్నాడు. గుడారంలో నేను చెప్పే కథ కూడా ఆయనదే.

ఖజానా బావ:
కథలు బాగున్నాయి, ఇప్పుడు ఖర్చుల సంగతి. ఇంట్లో డిస్నీ ప్లస్ ఉంది కదా అని పార్కులో వేయడానికి లేదు. డీవీడీ కొన్నా అంతే. టికెట్ పెట్టకపోయినా పబ్లిక్ షోకు లైసెన్స్ తీసుకోవాలి. డిస్నీ సినిమాలకు ఇక్కడ స్వాంక్ మోషన్ పిక్చర్స్ వాళ్లు ఇస్తారు. ఎంతమంది వస్తారో రాసి రేటు అడిగా.

టైం కూడా ఇరుకే. జూన్ చివర్లో ఇక్కడ సూర్యుడు ఎనిమిది దాటాక గానీ దిగడు. ఎనిమిదీ నలభైకి ముందు తెర మీద బొమ్మ కనపడదు. సినిమా 108 నిమిషాలు. పది నలభై ఐదుకు గేటు వేస్తారు. అంటే మధ్యలో ఉపన్యాసాలు పెట్టొద్దు. సన్మానాలు, శాలువాలు అన్నీ తిండికి ముందే. పెద్దలు ఏమనుకున్నా సరే.

కోదాడ అన్న:
నేనే ఆ పెద్దల్లో ఒకణ్ణి, ఏమీ అనుకోను. అందరూ సరే అంటే ‘రాకెటీర్’ ఖాయం. ‘హనుమాన్’ దసరాకు చూద్దాం. తమ్ముడూ, పిల్లలకు సినిమాలో హీరో పెట్టుకునేలాంటి హెల్మెట్లన్నావు, ఏమైంది?

నల్లగొండ తమ్ముడు:
మిర్యాలగూడ రోడ్డులో వెల్డింగ్ పని చేసే ఒకాయనకు ఫొటో చూపించా. కాసేపు చూసి, “ఇది బైకుకా, నాటకానికా?” అన్నాడు. పలుచటి రేకుతో ఒక శాంపిల్ చేసిచ్చాడు. కళ్లకు రెండు రంధ్రాలు, నెత్తి మీద చేప రెక్కలాంటి చుక్కాని, అచ్చం సినిమాలోలాగే. అంచులు కోసుకుపోయేలా ఉన్నాయి, రబ్బరు బీడింగ్ వేయించా. బరువు మాత్రం ఎక్కువే. సూట్‌కేసులో 23 కిలోలే కదా, అమ్మ ఇచ్చే పచ్చళ్లు, కారప్పొడి ముందే చోటు పట్టేశాయి. కాబట్టి ఫొటోలు దిగడానికి రేకుది ఒక్కటే తెస్తా. మిగతావి అక్కడే అట్టతో చేసి బంగారు రంగు కొడదాం. కొలతలు రాత్రికి పంపుతా.

ఖజానా బావ:
అట్ట, రంగు నేను తెస్తా, బిల్లు పెడతా. కత్తిరించడానికి పిక్నిక్ ముందటి ఆదివారం మా గ్యారేజీకి ఓ నలుగురు రండి. ప్రొజెక్టర్ ఉంది. జనరేటర్ ఎవరిదైనా ఉంటే చెప్పండి, లేకపోతే అద్దెకు తేవాలి. కింద కూర్చోవడానికి చాపలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, పెద్దవాళ్లకు కుర్చీలు వెనక వరసలో వేద్దాం.

కొల్లాపూర్ అక్క:
మక్క గారెలు మేము ముగ్గురం చూసుకుంటాం. సర్వపిండికి ఇద్దరు కావాలి, వేడివేడిగా అక్కడే కాల్చాలంటే పార్కు వాళ్లు స్టవ్‌కు ఒప్పుకుంటారో లేదో కోదాడ అన్న కనుక్కోండి. ఒప్పుకోకపోతే ఇంట్లోనే చేసి తెస్తాం, శుక్రవారం లోపు చెప్పాలి.