ఒకే అక్షరాల ఇంగ్లీషు పదాలను గుంపుగా బట్టీ పట్టించడం మంచిదేనా?

బైరాగిపట్టెడ నాన్న:
తిరుపతిలో మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ట్యూషన్ సారు వారానికో అక్షరాల గుంపు ఇస్తారు. ఈ వారం చివర ‘ఓ, యూ, ఎస్’ వచ్చే పదాలు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు అర్థం, ఒక్కోటి పదిసార్లు రాయాలి. నోట్సు తీసి చూస్తే ఇన్జీనియస్ పక్కన ‘కల్లాకపటం తెలియని’ అని, ఇన్జెన్యువస్ పక్కన ‘మంచి ఉపాయం పన్నే’ అని రాసుంది. అర్థాలు రెండూ తారుమారు. స్పెల్లింగ్ మాత్రం ఒక్కటీ తప్పు పోలేదు! ‘రెండూ ఒకే మాదిరి ఉంటే ఏది దేనిదో ఎట్లా గుర్తుంటుంది నాన్నా’ అంటోంది. ఈ పద్ధతి మానిపించాలా, ఉంచాలా?

గ్రూప్స్ గోవిందు:
మానిపించొద్దన్నా. కేంద్ర ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో నాలుగు పదాలిచ్చి తప్పు స్పెల్లింగ్ ఏదో పట్టమంటారు. అక్కడ అర్థం ఎవరడుగుతారు? కమిటీలో ఎం రెండు, టీ రెండు, ఈ రెండు. అకామడేషన్‌లో సీ రెండు, ఎం రెండు. ఇట్లాంటివి ఒకచోట రాసుకుని రోజూ చూస్తేనే కన్ను పట్టేస్తుంది. బాలాజీ కాలనీ రూముల్లో మేమందరం చదివేది ఇట్లాగే.

పీలేరు టీచరమ్మ:
గోవిందూ, ఉద్యోగానికి చదివే నీకూ ఎనిమిదో తరగతి పిల్లకూ ఒకే మందు వేస్తే ఎట్లా నాయనా? నీకు ఆ పదాల అర్థం ముందే తెలుసు, స్పెల్లింగే కావాలి. ఆ పిల్లకు రెండూ కొత్తే.

గుంపుల్లో కూడా తేడా ఉంది. ‘కె, ఎన్’తో మొదలయ్యేవి తీసుకోండి: నైఫ్, నీ, నాట్, నాక్. కత్తి, మోకాలు, ముడి, తలుపు తట్టడం. అర్థాలు ఒకదానికొకటి ఆమడ దూరం, కలగలిసే భయం లేదు. పైగా ఆ కె ఒకప్పుడు పలికేవాళ్ళు. 17వ శతాబ్దం ప్రాంతంలో ఇంగ్లండ్‌లో పలకడం మానేశారు, రాయడం మానలేదు. ఈ సంగతి చెబితే మా క్లాసులో పిల్లలు ‘క్నైఫ్, క్నీ’ అని అరుచుకుంటూ నవ్వుతారు, ఇక ఆ కె రాయడం మరిచిపోరు.

ఇన్జీనియస్, ఇన్జెన్యువస్ సంగతి వేరు. రూపం ఇంచుమించు ఒకటే, రెండూ గుణాలు చెప్పే మాటలే. ఇట్లాంటి జంటలకు ఇజ్రాయెల్ పరిశోధకురాలు బాటియా లాఫర్ 1980లలోనే సిన్‌ఫామ్స్ అని పేరుపెట్టి, వాటితో నేర్చుకునేవాళ్ళు ఎట్లా తికమకపడతారో రాశారు. ఒకటి బాగా వంటబట్టాక, ఓ నెల పోనిచ్చి రెండోది చెప్పాలి. ‘అలవాటు పడటం’ అనే అడాప్ట్, ‘దత్తత తీసుకోవడం’ అనే అడాప్ట్ చూడండి. తెలుగులో రాసుకుంటే రెండూ అచ్చంగా ఒకటే అయిపోతాయి. మా బళ్ళో ఒకడు వాతావరణాన్ని దత్తత తీసుకున్నాడు.

సంస్కృతం స్టూడెంట్:
మేడమ్, అక్షరాల గుంపు మన పాత పద్ధతే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో, పలు అర్థాలున్న మాటల నానార్థవర్గంలో పదాల వరస చివరి హల్లును బట్టే ఉంటుంది. ముందు కాంతాలు, అంటే ‘క’తో ముగిసేవి, తర్వాత ఖాంతాలు, గాంతాలు. ఇన్ని తరాలు వల్లె వేస్తే రాని తికమక ఇప్పుడే వస్తుందా?

పీలేరు టీచరమ్మ:
మంచి మాట పట్టుకున్నావు బాబూ. కానీ నానార్థవర్గం ఎక్కడుంది? మూడో కాండలో. దానికి ముందు స్వర్గవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం అని అంతా అర్థం వారీగానే సాగుతుంది. అవన్నీ నోటికొచ్చిన పిల్లవాడు గదా కాంతాల దాకా వచ్చేది! పైగా అది శ్లోకం, అర్థం పదంతో పాటే నడుస్తుంది. నోట్సులో రెండు కాలమ్‌లకు ఆ వసతి లేదు.

చిత్తూరు చిన్నోడు:
నాకు తెలిసిన ఒక గుంపులో అర్థం కూడా కలిసొస్తుంది. ‘ఎస్, ఎన్’తో స్నోర్ అంటే గురక, స్నీజ్ అంటే తుమ్ము, స్నిఫ్ అంటే వాసన పీల్చడం, స్నౌట్ అంటే పంది ముట్టె. అన్నీ ముక్కు యవ్వారమే! ఇట్లాంటి అక్షరాల జతలకు జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లండ్ భాషావేత్త 1930లో ఫోనెస్థీమ్ అని పేరు కూడా పెట్టాడు.

గ్రూప్స్ గోవిందు:
మరి స్నేక్, స్నో? వాటికి ముక్కు యాడుందిప్పా?

చిత్తూరు చిన్నోడు:
అన్నిటికీ వర్తిస్తుందని ఎవరన్నారన్నా. వచ్చినంత వరకు లాభమే.

గ్రూప్స్ గోవిందు:
సరే, ‘ఓ, యూ, జీ, హెచ్’ సంగతి చెప్పండి. దో, త్రూ, టఫ్, కాఫ్, బౌ. అక్షరాలు అవే నాలుగు, పలకడం ఐదు రకాలు. దీన్ని గుంపుగా తప్ప ఇంకెట్లా చెబుతారు మేడమ్?

పీలేరు టీచరమ్మ:
పలికే తీరును బట్టి విడగొడతాను. టఫ్‌ను రఫ్, ఇనఫ్ పక్కన పెడతాను. దగ్గు అనే కాఫ్ ఇంకో రోజు. చెట్టుకొమ్మ అనే బౌ ఆ వయసుకు అక్కర్లేదు, వదిలేస్తాను.

గ్రూప్స్ గోవిందు:
ప్రశ్నపత్రం పలకదు కదా మేడమ్, కంటికే కనపడుతుంది. నేను ఒప్పుకోను.

బైరాగిపట్టెడ నాన్న:
వచ్చే వారం ‘జీ, హెచ్’ పదాలంట. సారుతో గొడవ పెట్టుకోలేను. ఇంట్లో నేను ఎట్లా చదివించేది టీచరమ్మా?

పీలేరు టీచరమ్మ:
సారు ఇచ్చిన జాబితానే తీసుకోండి, వరస మార్చండి చాలు. మొదటిరోజు జీ, హెచ్ పలకనివి: నైట్, లైట్, రైట్. రెండోరోజు ‘ఫ’ అని పలికేవి: రఫ్, టఫ్, లాఫ్. పదిసార్లు రాయడం బదులు ఒక్కోదానితో ఒక వాక్యం సొంతంగా రాయమనండి, తప్పులున్నా పర్వాలేదు. గోస్ట్ ఏ గుంపులోనూ ఇమడదు. 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ పుస్తకాల్లో, ఫ్లెమిష్ రాత ప్రభావంతో ఆ హెచ్ దూరిందంటారు. దాన్ని మూడోరోజుకు ఉంచండి.