రోజూ ఆఫీసుకి నడిపే ఎల్ఎస్3 కమారోకి ఏ క్యామ్ వేయాలి?

ఫ్రిస్కో_కమారో:
అందరికీ నమస్కారం. నాది 2012 కమారో ఎస్ఎస్. 6.2 లీటర్ల ఎల్ఎస్3 ఇంజిన్, సిక్స్ స్పీడ్ మాన్యువల్, 80 వేల మైళ్లు తిరిగింది. లాంగ్ ట్యూబ్ హెడర్లు (పొడవాటి ఎగ్జాస్ట్ పైపులు), ఇన్‌టేక్ పాత ఓనరే వేయించాడు. టర్బో, సూపర్‌చార్జర్ నాకొద్దు. ఫ్రిస్కో నుంచి అర్వింగ్ ఆఫీసుకి రోజూ ఇదే బండి, సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో డాలస్ వాళ్లకి తెలుసు. 231/246 డ్యురేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు తెరిచి ఉండే డిగ్రీలు), ఎల్ఎస్ఏ (ఆ రెండు లోబ్‌ల మధ్య కోణం) 111 ఉన్న క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) ఒకటి చూశాను. వీడియోలో దాని ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే తీరు) వింటుంటే ఒళ్లు పులకరించింది. రోజూ నడపగలనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్_రమణ:
నడపగలరు, కానీ కొన్నాళ్లకి విసుగొస్తుంది. దాదాపు అదే సైజు క్యామ్‌తో మా తమ్ముడి బండి ఉంది. హైవే ఎక్కి 4,500 ఆర్పీఎం దాటాక అది లాగే తీరు చూస్తే దిగబుద్ధి కాదు. అదే బండి పార్కింగ్ లాట్‌లో ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ వదిలి పోనిస్తే ముందుకీ వెనక్కీ కుదుపుతుంది, క్లచ్ తొక్కక తప్పదు. ఆగస్టు ఎండలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడితే ఐడిల్ కిందకి జారి మళ్లీ లేస్తుంది. వాడికి అది వారాంతం బండి కాబట్టి సరిపోయింది.

ఆస్టిన్_లత:
కొనేముందు ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ డ్యురేషన్లు కలిపి సగం చేయండి. అందులోంచి ఎల్ఎస్ఏకి రెట్టింపు తీసేయండి. వచ్చేది 0.050 అంగుళాల లిఫ్ట్ (క్యామ్ పైకెత్తే ఎత్తు) దగ్గర ఓవర్‌ల్యాప్, అంటే రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే డిగ్రీలు; మైనస్ వస్తే ఆ ఎత్తు దగ్గర రెండూ కలిసి తెరిచి ఉండవు.

స్టాక్ (కంపెనీ వేసిచ్చే) ఎల్ఎస్3 క్యామ్ 204/211, ఎల్ఎస్ఏ 117. లెక్కిస్తే మైనస్ 26.5. మీరు చూసిన 231/246 అయితే ప్లస్ 16.5. అంటే స్టాక్‌తో పోలిస్తే 43 డిగ్రీలు ఎక్కువ. ఐడిల్‌లో గాలి వేగం తక్కువ, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ. ఆ సమయంలో రెండు వాల్వులూ తెరిచి ఉంటే కాలిపోయిన పొగ వెనక్కి వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఒక సిలిండర్ సరిగా మండుతుంది, పక్కది మండదు. మీకు నచ్చిన ఆ సౌండ్ పుట్టేది అక్కడే, ట్రాఫిక్‌లో కుదుపు పుట్టేదీ అక్కడే. ఒకటి కావాలంటే రెండోది కూడా కొంత భరించాలి.

చాలామంది వాల్వ్ లిఫ్ట్ (వాల్వ్ ఎంత ఎత్తు తెరుచుకుంటుందో) చూసి భయపడతారు. లిఫ్ట్ వల్ల భారం పడేది స్ప్రింగుల మీద, వాల్వ్‌ట్రెయిన్ మీద. బండి నడవడిక మార్చేవి డ్యురేషన్, ఎల్ఎస్ఏ. ఎల్ఎస్ఏ తక్కువగా ఉన్న క్యామ్ మధ్య ఆర్పీఎంలో టార్క్ బాగానే ఇస్తుంది, అందుకే డైనో (శక్తి కొలిచే యంత్రం) షీట్లో అందంగా కనిపిస్తుంది. కానీ డైనో పరుగు ఫుల్ థ్రాటిల్‌లో తీస్తారు. మీరు అర్వింగ్ వెళ్లేది పావు థ్రాటిల్‌తో.

హ్యూస్టన్_రమణ:
లత గారు చెప్పిన లెక్క ప్రకారం నాది మైనస్ 5.5. 219/230, ఎల్ఎస్ఏ 115, నాదీ కమారోనే. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు తల తిప్పి చూసేంత సౌండ్ ఉంది. సెకండ్ గేరులో 1,200 దగ్గర పోనిచ్చినా కుదుపు లేదు. మా ఆవిడ కూడా నడుపుతుంది, నాకు అసలు పరీక్ష అదే. 3,500 నుంచి రెడ్‌లైన్ దాకా స్టాక్‌కీ దీనికీ పోలికే లేదు.

కారీ_వాల్వ్:
నా మాట కొంచెం వేరు. మాన్యువల్ బండి, హెడర్లు ఎలాగూ ఉన్నాయి, కాబట్టి మరీ చిన్నదానికి దిగాల్సిన పనిలేదు. 226/238 లాంటిది ఎల్ఎస్ఏ 114 మీద వేస్తే ఓవర్‌ల్యాప్ ప్లస్ 4. ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు) బాగుంటే రోజూ నడపొచ్చు, నేను నడుపుతున్నాను. ఆటోమేటిక్ అయితే ఈ మాట అనను, దానికి టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) గురించి కూడా ఆలోచించాలి.

ఎల్ఎస్3కి సరైన క్యామ్ పడితే చక్రాల దగ్గర 40 నుంచి 60 హార్స్ పవర్ పెరగడం మామూలే. చిన్న క్యామ్‌కీ మధ్యరకం క్యామ్‌కీ తేడా పై ఆర్పీఎంలోనే తెలుస్తుంది. మీరు 6,000 దాటి ఎంత తరచుగా తిప్పుతారో మీకే తెలియాలి.

ప్లేనో_ట్యూన్:
ట్యూన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. క్యామ్ ధర 400, 500 డాలర్ల దగ్గర ఉంటుంది, మొత్తం బిల్లులో అది చిన్న భాగం. ట్యూన్‌కి డబ్బు పక్కన పెట్టకుండా క్యామ్ ఆర్డర్ పెట్టకండి.

ఓవర్‌ల్యాప్ పెరిగితే ఐడిల్‌లో మండని ఆక్సిజన్ ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఓ2 సెన్సర్ దాన్ని చూసి మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందనుకుని కంప్యూటర్‌తో ఇంకా పోయిస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, పెట్రోల్ వాసన వస్తుంది. స్టాక్‌లో 30ల్లో ఉండే మ్యాప్ రీడింగ్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనం) పెద్ద క్యామ్‌తో 50 కిలోపాస్కల్ దాటొచ్చు. అంటే వాక్యూమ్ తగ్గింది. పార్కింగ్‌లో వెంటవెంటనే రెండుసార్లు బ్రేక్ తొక్కితే పెడల్ గట్టిపడటానికి కారణం ఇదే, బ్రేక్‌కి సాయం చేసేది ఆ వాక్యూమే. ఐడిల్ గాలి, స్పార్క్, వీఈ టేబుల్ (ఇంజిన్ పీల్చే గాలి లెక్కల పట్టిక) అన్నీ మళ్లీ సరిచేయాలి. పీ0300 మిస్‌ఫైర్ కోడ్ కూడా ఈ మార్పుతోనే వస్తుంటుంది. డైనో మీద పవర్ షీట్ ఇచ్చి పంపేసే ట్యూనర్ వద్దు. చల్లటి ఇంజిన్ స్టార్ట్, ఏసీ వేసినప్పటి ఐడిల్, నెమ్మది ట్రాఫిక్ కూడా రోడ్డు మీద చూసి ఇచ్చేవాళ్లని పట్టుకోండి.

శాన్‌హోసే_కిరణ్:
మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి కొంత నయం. కాలిఫోర్నియాలో కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి ఇచ్చిన ఈవో నంబర్ లేని క్యామ్‌తో స్మాగ్ చెక్‌కి (పొగ పరీక్షకి) వెళ్లడం కుదరదు. క్యామ్ ఇంజిన్ లోపల ఉంటుంది, కనిపించదు కదా అని ధైర్యం చెప్పేవాళ్ల మాట వినకండి.

ప్లేనో_ట్యూన్:
నిజమే. ఇక్కడ 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కానీ డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్‌కి తగిలించే సాకెట్‌లో) రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తన ఎమిషన్ భాగాలని పరీక్షించుకుందో లేదో చూస్తారు. క్యాటలిటిక్ కన్వర్టర్లు బండి మీదే ఉంచండి, కోడ్లు ఆపేసే ట్యూన్‌కి ఒప్పుకోకండి. ఎమిషన్ భాగాలు తీసేయకూడదన్న ఫెడరల్ చట్టం అన్ని రాష్ట్రాలకీ ఒకటే.

ఫ్రిస్కో_కమారో:
లెక్క చేశాక 231/246 పక్కన పెట్టేశాను. రమణ అన్నా, మీ 219/230 వైపే మనసు పోతోంది. పని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం, మా కజిన్‌కి ఎల్ఎస్ ఇంజిన్లు అలవాటే. సిలిండర్ హెడ్లు విప్పాలా?

హ్యూస్టన్_రమణ:
విప్పకుండా అవుతుంది తమ్ముడూ. రాకర్లు, పుష్‌రాడ్లు (క్యామ్ కదలికని వాల్వులకి చేర్చే భాగాలు) తీసి క్యామ్‌ని రెండు మూడు చుట్లు తిప్పితే లిఫ్టర్లు (క్యామ్ మీద ఆనే ముక్కలు) పైకెళ్లి ప్లాస్టిక్ ట్రేల్లో ఇరుక్కుని నిలబడతాయి. రేడియేటర్ పక్కకి తీసి క్యామ్‌ని ముందు నుంచి లాగుతారు. కానీ 80 వేల మైళ్ల తర్వాత ఆ ట్రేల పట్టు ఎలా ఉందో చెప్పలేం. నేనైతే హెడ్లు విప్పి కొత్త లిఫ్టర్లు, ట్రేలు, గ్యాస్కెట్లు, హెడ్ బోల్టులు వేసేస్తాను. ఖర్చు పెరుగుతుంది, కానీ రోజువారీ బండికి ఆ నిశ్చింత కావాలి. స్ప్రింగులు మాత్రం మార్చి తీరాలి. స్టాక్ స్ప్రింగుల మీద 0.600 లిఫ్ట్ వేయడం ఇంజిన్‌ని పందెం కాయడమే.

కారీ_వాల్వ్:
ముందు కవర్ విప్పినప్పుడు ఆయిల్ పంపు పికప్ ట్యూబ్ ఓ-రింగ్ కొత్తది, సరైన మందం ఉన్నది వేయండి. అది నలిగితే పంపు గాలి పీల్చి ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. క్రాంక్ బోల్టు కూడా కొత్తదే. పాత బోల్టుతో బాలెన్సర్‌ని (క్రాంక్ ముందుండే పుల్లీని) 240 పౌండ్-ఫీట్‌కి కూర్చోబెట్టి, దాన్ని తీసేసి, కొత్తది 37 పౌండ్-ఫీట్‌కి బిగించి ఆపైన 140 డిగ్రీలు తిప్పాలి. పొడవాటి బ్రేకర్ బార్ ముందే తెచ్చుకోండి.

ఫ్రిస్కో_కమారో:
గుర్తులు ఎదురెదురుగా పెట్టి టైమింగ్ చైన్ బిగిస్తే చాలా, డిగ్రీ వీల్ (క్యామ్ కోణం కొలిచే చక్రం) కూడా పెట్టాలా?

ఆస్టిన్_లత:
పెట్టండి. ఒక పూట పని. క్యామ్ కార్డులో ఇచ్చిన ఇన్‌టేక్ సెంటర్‌లైన్‌తో (ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే కోణంతో) మీకు వచ్చిన అంకె సరిపోల్చండి. ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. అంతకంటే ఎక్కువ తేడా వస్తే సర్దుకునే వీలున్న టైమింగ్ సెట్ తెప్పించి సరిచేశాకే కవర్ మూయండి. పుష్‌రాడ్ పొడవు కూడా అప్పుడే కొలవండి. కొత్త క్యామ్ బేస్ సర్కిల్ (లోబ్ ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదైతే పాత పుష్‌రాడ్లతో లిఫ్టర్ ప్రీలోడ్ (లిఫ్టర్ లోపలికి నొక్కుకోవాల్సిన కొలత) సరిపోదు. హెడ్లు విప్పితే గ్యాస్కెట్ మందం మారినా అంతే.