ట్విన్ టవర్స్ దగ్గర పేలుళ్లు విన్నామన్న సాక్షుల మాటను ఎలా తీసుకోవాలి?

ప్రశ్న: గాజువాక విద్యార్థి

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలిపోవడం గురించి మా పెదనాన్నగారికీ నాకూ ఎప్పటినుంచో వాదన నడుస్తోంది. ఆ రోజు అక్కడున్న అగ్నిమాపక, వైద్య సహాయక సిబ్బంది ఇచ్చిన ఐదు వందలకు పైగా వాంగ్మూలాలు, ఒక పత్రిక కోర్టుకెక్కిన తరువాతే, 2005లో బయటికి వచ్చాయి. వాటిని చదివిన కెనడా ఆచార్యుడు గ్రేమ్ మెక్‌క్వీన్, పేలుళ్ల వంటివి చూశామనో విన్నామనో చెప్పినవారు 118 మంది అని లెక్క తేల్చారు. ఇంతమంది మాటను ఎలా తోసిపుచ్చుతావని పెదనాన్నగారు అడుగుతున్నారు. వాళ్లు అబద్ధమాడారని నేను అనలేను, బాంబులు పెట్టి కూల్చారనీ నమ్మలేను. పైగా అదే ప్రాంగణంలో ఉన్న, విమానమే తగలని 47 అంతస్తుల ఏడో భవనం ఆ సాయంత్రం ఎందుకు కూలింది?

జవాబు: విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి, సింధియా

సాక్షులు ఎంతమంది అన్నదానికంటే ఎవరు ఎక్కడ నిలబడి, ఏ నిమిషంలో, ఏం విన్నారన్నదే విచారణలో పనికొస్తుంది. విమానం తగిలిన వెంటనే ఇంధనం లిఫ్టు షాఫ్టుల గుండా కిందికి దిగి అంటుకోవడంతో లాబీలో అద్దాలు పగిలాయి, మనుషులు కాలిపోయారు. అది నిజంగా పేలుడే, కానీ భవనాన్ని కూల్చింది అది కాదు. ఆ తరువాత పై అంతస్తులు కిందివాటి మీద పడుతుంటే, మధ్యలో ఉన్న గాలి కిటికీలను బద్దలుకొట్టుకుని దుమ్ముతో బయటికి చిమ్ముతుంది. కింద నుంచి చూసేవారికి అది ఒక్కో అంతస్తులో వరసగా మందుగుండు పేల్చినట్టే కనిపిస్తుంది.

1997 సెప్టెంబర్ 14న మన విశాఖ హెచ్‌పీసీఎల్ చమురు రిఫైనరీలో పేలుళ్లు జరిగినప్పుడు కూడా, మల్కాపురంలో ఉన్నవారు చెప్పిన వరస ఒకటి, పోర్టు వైపు ఉన్నవారు చెప్పినది మరొకటి. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

జవాబు: ఉక్కునగరం నుంచి, స్ట్రక్చరల్ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాడిని

ఉక్కు కరగడానికి దాదాపు 1500 డిగ్రీలు కావాలి, విమాన ఇంధనానికి అంత వేడి ఎక్కడిదని చాలామంది అడుగుతారు. కరగనక్కరలేదండీ, 600 డిగ్రీల దగ్గరే బలం సగానికి పడిపోతుంది. రెండో దెబ్బ తిన్న దక్షిణ టవర్ 56 నిమిషాలకే, ముందు దెబ్బ తిన్న ఉత్తర టవర్ 102 నిమిషాలకు కూలడానికి ఒక ముఖ్య కారణం, దక్షిణ టవర్‌కు కింది అంతస్తుల్లో తగలడంతో దెబ్బతిన్న చోటు మీద ఎక్కువ బరువు ఉండిపోవడం.

నగర నీటి గొట్టాలు తెగిపోవడంతో ఏడో భవనంలో మంటలు సుమారు ఏడు గంటలు ఆర్పేవారు లేకుండా కాలాయి. 16 మీటర్ల ఉక్కు దూలం 400 డిగ్రీలకు ఏడెనిమిది సెంటీమీటర్లు సాగుతుంది. ఈ కూలడంపై దర్యాప్తు చేసిన అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2008 నివేదిక ప్రకారం, అలా సాగిన దూలాలు 13వ అంతస్తు గర్డర్‌ను (ప్రధాన దూలాన్ని) దాని ఆసరా మీద నుంచి పక్కకు నెట్టాయి, దాంతో 79వ స్తంభం ఆధారం కోల్పోయి వంగిపోయింది. బిగువు మీదున్న బోల్టు తెగితే తుపాకీ పేలినట్టే మోగుతుంది. షెడ్డులో పనిచేసినవాళ్లను ఎవరినైనా అడగండి.

జవాబు: అంగీకరించనివాడు, ఎంవీపీ కాలనీ

ఇంత సులువుగా తేలిపోయే విషయం కాదిది. ఏడో భవనం 2.25 సెకన్లపాటు ఏ అడ్డూ లేకుండా స్వేచ్ఛగా పడిందని నిస్ట్ మొదటి ముసాయిదాలో లేదు. డేవిడ్ చాండ్లర్ అనే భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు నిలదీశాకే తుది నివేదికలో చేర్చారు. స్తంభాలన్నీ దాదాపు ఒకేసారి విఫలమైతేనే అలా పడుతుందని అలాస్కా విశ్వవిద్యాలయంలో లెరోయ్ హల్సీ బృందం 2020లో తేల్చింది. పైగా నిస్ట్ తన కంప్యూటర్ నమూనా వివరాలు కొన్నిటిని ప్రజాభద్రత పేరుతో ఇవ్వలేదు. చూపించని లెక్కను ఎలా నమ్మమంటారు?

జవాబు: సివిల్ అధ్యాపకుడు

హల్సీ బృందం అధ్యయనానికి డబ్బు ఇచ్చింది కూల్చివేత వాదాన్ని ప్రచారం చేస్తున్న ఆర్కిటెక్టుల, ఇంజనీర్ల సంఘమే. అంతమాత్రాన అది తప్పని కాదు, కానీ ఆ సంగతి కూడా చెప్పాలి కదా. స్వేచ్ఛా పతనం విషయానికొస్తే, ఉత్తర ముఖం కదలడానికి దాదాపు ఏడు సెకన్ల ముందే తూర్పు వైపు పెంట్‌హౌస్ (పైకప్పు మీది గది) లోపలికి కుంగిపోవడం వీడియోల్లో కనిపిస్తుంది. అంటే లోపలి భాగం అప్పటికే కూలుతోంది. చివరికి పడింది చాలావరకు బయటి గోడల చట్రం. అది వంగి విరిగాక 2.25 సెకన్లు అడ్డు లేకపోవడంలో వింతేమీ లేదు.

ఒక ముఖ్య స్తంభాన్ని తెంచగల అతి చిన్న మందుగుండు పేలినా అర మైలు దూరంలో 130 నుంచి 140 డెసిబెల్స్ శబ్దం వస్తుందని నిస్ట్ లెక్కగట్టింది. ఆ సాయంత్రపు రికార్డింగుల్లో అలాంటి శబ్దం లేదు. ఇక అక్కడి అగ్నిమాపక అధికారులు భవనం ఉబ్బడం చూసి, కూలుతుందని అంచనా వేసి, మధ్యాహ్నమే చుట్టుపక్కల అందరినీ దూరంగా పంపించేశారు. అందుకే అందులో ఎవరూ చనిపోలేదు.

నమూనా వివరాలు దాచారన్న మీ అభ్యంతరంతో మాత్రం నేనూ ఏకీభవిస్తాను. వాటిని బయటపెట్టి ఉంటే ఈ వాదనలో సగం ఎప్పుడో తేలిపోయేది.